మిషను దాకా రాకముందే

తిరుపతిలో డయాలసిస్ చేయించుకునే ఏర్పేడు కూలీ సంగతి చూడండి. వారానికి మూడుసార్లు బస్సెక్కాలి. మిషను మీద నాలుగు గంటలు. రానూపోనూ ప్రయాణం వేరే. ఆ రోజు కూలి పోయినట్టే. తోడొచ్చిన భార్య కూలీ పోయినట్టే. ఆ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలగాలి?

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదవాడికి ఈ వైద్యాన్ని అందుబాటులోకి తెచ్చింది. 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10 వేలైంది. కాదనం. కానీ ఇవన్నీ కిడ్నీలు పోయాక వచ్చేవి. పోకముందు దిక్కెవరు?

కిడ్నీలను ఎక్కువగా దెబ్బతీస్తున్నవి షుగరు, బీపీలే. జబ్బు ముదిరేదాకా నొప్పి తెలియదు. ఒంటినొప్పులకని ఏళ్ల తరబడి మింగే మాత్రలూ ముప్పే. మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూస్తే జబ్బు ముందే బయటపడుతుంది. మందులతో, ఉప్పు తగ్గించి, మిషను అవసరాన్ని ఏళ్ల పాటు వెనక్కి నెట్టొచ్చు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎన్నో ఇళ్లు కూలాక గానీ, 2023లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరుచుకోలేదు. మనమూ అంతదాకా ఆగాలా?

షుగరు, బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి ఈ రెండు పరీక్షలూ ఊళ్లోనే చేయాలని మేం డిమాండ్ చేస్తున్నాం. ఐఐటీ, ఐసర్ వెలిసిన మండలంలో మూత్ర పరీక్ష అడగడం గొంతెమ్మ కోరిక కాదు. విద్యార్థులారా, ఉద్యోగులారా! ముందు మీ ఇంటి పెద్దలకు పరీక్ష చేయించండి. తర్వాత ఊరి కోసం అడగండి.