గంజాయి లెక్కలో రాని పిల్లలు

గంజాయి పట్టివేత వార్త లేకుండా మన పేపర్లకు పొద్దు గడవదు. ఎన్ని కిలోలు, ఏ చెక్‌పోస్టు, ఏ కారు డిక్కీ, అన్నీ అచ్చవుతాయి. ఆంధ్రప్రదేశ్ 2024లో ఈగల్ అని ఒక దళాన్ని పెట్టింది. తెలంగాణ 2025లో తన నార్కోటిక్స్ బ్యూరోకి ఆ పేరే పెట్టుకుంది. మంచిదే. కానీ పంక్చర్లు అతికించే సొల్యూషన్‌ని గుడ్డకి పూసి, రైల్వే స్టేషన్ గోడ పక్కన కూర్చుని పీల్చే కుర్రాడి దగ్గర కిలోల లెక్క పనికిరాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో ఆ జిగురు ఊసే లేదు. పట్టుకున్నా కేసు ఉండదు, కేసు లేకపోతే వార్త ఉండదు.

ఆ జిగురులో, పెయింట్ థిన్నర్‌లో ఉండే టొల్యూన్ వంటి ద్రావకాలు పీల్చిన క్షణాల్లో మెదడుకి ఎక్కుతాయి. ఆకలి, చలి, తిన్న దెబ్బలు కాసేపు తెలియవు. ఇల్లు వదిలొచ్చిన పిల్లాడికి కావలసిందీ అదే, పైగా పూట భోజనం కంటే చవక. గుండె లయ తప్పి, మొదటిసారి పీల్చినప్పుడే ప్రాణం పోవచ్చు కూడా.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్ చేత సర్వే చేయించి 2019లో నివేదిక బయటపెట్టింది. మద్యం, గంజాయి, నల్లమందు, దేంట్లో చూసినా పెద్దల శాతమే ఎక్కువ. పీల్చే మత్తు దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడింది: పెద్దల్లో 0.58 శాతమైతే, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం. సాయం అవసరమైన పిల్లలు 4.6 లక్షల మంది. ఇది పిల్లల మత్తు అని సర్కారు చేయించిన సర్వేయే చెబుతుంటే, సర్కారు దళాలు మాత్రం పెద్దల మత్తు వెంట పరిగెడుతున్నాయి.

అసలేమీ చేయలేదని అనను. 2012లో వైట్‌నర్ సీసాలనూ, వాటితో ఇచ్చే థిన్నర్‌నూ చిల్లరగా అమ్మకూడదని కేంద్రం ఆదేశించింది. కొద్దికొద్దిగా కారే పెన్ను రూపంలోనే అమ్మమంది. సరైన పని. అక్కడితో ఆగిపోయింది, అదే తప్పు. సొల్యూషన్ ట్యూబు చెక్కుచెదరలేదు. 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ పిల్లలకు మద్యం, పొగాకు, మాదకద్రవ్యాలు ఇచ్చినవాళ్లకు ఏడేళ్ల దాకా జైలంటుంది. అందులోనూ జిగురు పేరు లేదు.

ఆస్ట్రేలియా నడిమి ఎడారిలో ఆదివాసీ కుర్రాళ్లు పెట్రోలు పీల్చి పాడైపోతుంటే అక్కడివాళ్లు పెట్రోలునే మార్చారు. మత్తెక్కించే ఆరోమాటిక్ పదార్థాలు మామూలు పెట్రోల్లో 25 శాతం దాకా ఉంటే, 2005లో వచ్చిన ఓపల్ పెట్రోల్లో 5 శాతమే. ఖర్చు తేడా ప్రభుత్వం భరించింది. కొన్ని బంకులవాళ్లు అమ్మబోమని మొండికేస్తే 2013లో చట్టమే తెచ్చారు. సర్వే చేసిన ఊళ్లలో పీల్చేవాళ్లు 88 శాతం తగ్గారు. పెట్రోలొక్కటే చేసిన పని కాదది. యువకులకు ఆటలు, పనులు, చూసుకునే మనుషులు తోడయ్యారు. మొదలు మాత్రం సరుకు మార్చడంతోనే.

మన దగ్గర మొదట చేసేది పిల్లల్ని తీసుకెళ్లి హోముల్లో పెట్టడం. నాలుగు రోజులకు వాళ్లు గోడ దూకి మళ్లీ ప్లాట్‌ఫాం మీదే తేలతారు. పీల్చే పిల్లాణ్ణి నేరస్తుణ్ణి చేసే చట్టం నేను అడగడం లేదు, దేవుడా అది వద్దు. సొల్యూషన్‌లో టొల్యూన్ తగ్గించమని కంపెనీలకు గడువు పెట్టండి. చిన్న ట్యూబుల్ని పిల్లల చేతికి అమ్మితే శిక్ష అని 77వ సెక్షన్‌లో పేరు పెట్టి రాయండి. డీఅడిక్షన్ వార్డుల్లో తాగుబోతుల పక్కన కాకుండా పిల్లలకు వేరే మంచాలు వేయండి. ఈ మూడింట్లో మొదటి రెండూ ఢిల్లీలో కావాలి. మూడోది మన రెండు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులు ఈ బడ్జెట్‌లోనే చేయొచ్చు.