కృత్రిమ పచ్చిక హాకీలో రైల్వే పట్టణాలకు చోటేదీ?

ఖరగ్‌పూర్: ఒలింపిక్ హాకీలో మూడు స్వర్ణాలు, ఒక రజతం సాధించిన లెస్లీ క్లాడియస్ ఆ ఆటలోకి ప్రవేశించింది ఈ రైల్వే పట్టణంలోనే. బిలాస్‌పూర్‌లో జన్మించిన క్లాడియస్ అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వే తరఫున ఫుట్‌బాల్ ఆడుతుండేవారు. ఒకనాడు రైల్వే హాకీ జట్ల సాధన పోటీకి ఒక ఆటగాడు తక్కువయ్యాడు. 1932 ఒలింపిక్ స్వర్ణ విజేత డికీ కార్, గట్టున నిలబడి చూస్తున్న క్లాడియస్‌ను పిలిచి కర్ర చేతికిచ్చారు. 1946లో ఆయన బైటన్ కప్‌లో రైల్వే జట్టుకు ఆడారు. 1948లో లండన్‌లో ఒలింపిక్ స్వర్ణం అందుకున్నారు.

దీనిని అదృష్ట గాథగా చెప్పుకోవడం పరిపాటి. అయితే ఇందులో ఒక ఆర్థిక సత్యం కూడా ఉంది. ఆనాడు హాకీకి కావలసింది చదునైన నేల, కర్ర, బంతి మాత్రమే. వర్క్‌షాపు, క్వార్టర్లు, మైదానం పక్కపక్కనే ఉన్న రైల్వే పట్టణాలు ఆటగాళ్లను తయారు చేయగలిగాయంటే కారణం అదే. కార్లైల్ టాప్‌సెల్, జోసెఫ్ గాలిబార్డీ వంటి ఒలింపిక్ విజేతలు బెంగాల్ నాగపూర్ రైల్వే ఆటగాళ్లే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి రైల్వే పనులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా హాకీ పరాయి ఆట కాదు, కాలనీ ఆట.

ఆ సమీకరణం 1976లో మారిపోయింది. మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారిగా హాకీని కృత్రిమ పచ్చికపై ఆడించారు. అమెరికాలో మోన్‌శాంటో సంస్థ రూపొందించిన ఈ నైలాన్ పరుపు 1966లో హూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్‌లో బేస్‌బాల్ కోసం వేయడంతో ఆస్ట్రోటర్ఫ్‌గా పేరు పొందింది. అంతకు ముందు ఏడాది కౌలాలంపూర్‌లో గడ్డి నేలపై ప్రపంచ కప్ గెలిచిన భారత జట్టు మాంట్రియల్‌లో ఆస్ట్రేలియా చేతిలో 1-6 తేడాతో ఓడి, చివరకు ఏడవ స్థానంతో సరిపెట్టుకుంది. ఒలింపిక్ హాకీలో పతకం లేకుండా భారత్ తిరిగి రావడం అదే ప్రథమం.

నేలతో పాటు ఆట స్వరూపమూ మారింది. గడ్డిపై బంతి ఎగుడుదిగుడుగా లేస్తుంది కనుక దానిని కర్రకు అంటిపెట్టుకుని తిప్పగల నేర్పుకు విలువ ఉండేది. కృత్రిమ పచ్చికపై బంతి నేలను అంటి, తిన్నగా, వేగంగా పోతుంది. దమ్ము, దూరపు పాస్‌లు, పెనాల్టీ కార్నర్ బలం ముందుకొచ్చాయి.

అయితే మన పరాజయాలన్నింటినీ పరుపు మీదికి నెట్టడం సరికాదు. మాంట్రియల్ స్వర్ణం గెలిచిన న్యూజిలాండ్ ఆటగాళ్లు కూడా గడ్డి మైదానాల్లో పెరిగినవారే. 1980లో మాస్కోలో భారత్ స్వర్ణం గెలిచింది కృత్రిమ పచ్చికపైనే. పలు అగ్రశ్రేణి జట్లు ఆ క్రీడలను బహిష్కరించాయన్నది వేరే సంగతి. పాకిస్తాన్ 1984లో ఒలింపిక్ స్వర్ణం, 1994లో ప్రపంచ కప్ గెలిచిందీ అటువంటి నేలపైనే. జాతీయ జట్టుకు పరుపు ఎలాగో సమకూరుతుంది. దెబ్బ తగిలింది కింది మెట్టుకు. గడ్డిపై ఆట నేర్చిన బాలుడు పదిహేడో ఏటనో పద్దెనిమిదో ఏటనో మొదటిసారి పరుపుపై కాలు మోపితే, నేర్చినదంతా మరచి మళ్లీ మొదలుపెట్టాలి.

నీటికీ ఖర్చే

91.40 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు గల మైదానానికి ముందుగా తారు పునాది, దానిపై కుదుపును తట్టుకునే రబ్బరు పొర, ఆపైన పరుపు వేయాలి. వ్యయం కోట్ల రూపాయలలోకి వెళుతుంది. పదేళ్లు తిరిగేసరికి పరుపు అరిగిపోతుంది. అంతర్జాతీయ పోటీలకు వాడే రకాన్ని ప్రతి ఆటకూ ముందు వేల లీటర్ల నీటితో తడపాలి. తడి లేకుంటే బంతి నెమ్మదిస్తుంది, పడిన ఆటగాడి చర్మం కమిలిపోతుంది. ఎండాకాలంలో తాగునీటికి బిందెలు బారులు తీరే ఊళ్లలో ఈ ఖర్చును సమర్థించుకోవడం ఏ పురపాలక సంఘానికైనా కష్టమే.

డబ్బు పెట్టగల ప్రభుత్వం ఉంటే ఏమవుతుందో ఒడిశా చూపింది. ఖరగ్‌పూర్ మీదుగా హౌరా నుంచి ముంబయి వెళ్లే రైలు మార్గంలోనే ఉన్న రూర్కెలాలో 2023 ప్రపంచ కప్‌కు ఇరవై వేల మందికి పైగా పట్టే స్టేడియం వెలిసింది. సుందర్‌గఢ్ జిల్లాలో ప్రతి బ్లాకుకూ ఒక కృత్రిమ మైదానం వేసే ప్రణాళికను ఆ ప్రభుత్వం చేపట్టింది. 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో, 2024లో పారిస్‌లో కాంస్యాలు గెలిచిన జట్లలో ఆడిన అమిత్ రోహిదాస్ ఆ జిల్లావాడే. రైల్వే మాటకు వస్తే, క్రీడా కోటాలో అది నేటికీ ఉద్యోగాలిస్తోంది. కానీ ఆ ఉద్యోగాలు అప్పటికే పెద్ద పోటీల్లో రాణించినవారికి. గట్టున నిలబడి చూస్తున్నవాడికి కాదు.

పొడి పరుపు వైపు

అంతర్జాతీయ హాకీ సమాఖ్య కూడా నీటి సమస్యను గుర్తించింది. టోక్యోలో తక్కువ నీటితో సరిపెట్టుకునే పరుపు వాడారు. పారిస్ పరుపు పోగుల్లో 80 శాతం ముడిసరుకు చెరకు నుంచి వచ్చింది. నీరు అసలే అక్కరలేని పరుపు లక్ష్యమని సమాఖ్య ప్రకటించినా, పారిస్‌లోనూ తడపక తప్పలేదు.

పొడి పరుపు వచ్చినా తగ్గేది నీటి ఖర్చే. పునాది, రబ్బరు పొర అలాగే ఉంటాయి. చిన్న పట్టణాలు దాని కోసం ఎదురుచూడనవసరం లేదు. పోగుల మధ్య ఇసుక నింపిన పరుపు ఏనాటి నుంచో ఉంది. దానికి నీరు పెట్టనక్కరలేదు, ఇతర ఆటలకూ పనికివస్తుంది. బంతి కాస్త నెమ్మదిగా పోయే మాట నిజమే గాని, గడ్డి కంటే అది ఒలింపిక్ నేలకు ఎంతో దగ్గర. పన్నెండేళ్ల పిల్లలకు అది చాలు.