జాబితాలో చేరిన పేరు

మా తమ్ముని మనుమరాలు అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో చదువుతున్నది. ఆమె చేరిన వారంలోనే, అడుగకుండానే, 14 మెయిలింగ్ జాబితాలలోకి ఆమె పేరు ఎక్కింది. విభాగం వారిది, వసతిగృహం వారిది, గ్రంథాలయం వారిది, వ్యాయామశాల వారిది, ఆఖరికి కార్లు నిలిపే స్థలాల వారిది కూడా. ఆ పిల్లకు సైకిలైనా లేదు. రోజుకు 40 జాబులు చదువలేక, అన్నీ ఒకే అరలో పడేటట్లు ఏర్పాటు చేసుకొన్నది. విశ్వవిద్యాలయపు ఆరోగ్య బీమా నుండి మినహాయింపు కోరుటకు గడువు తెలిపే జాబు కూడా ఆ అరలోనే పడింది. వేరే బీమా చేతిలో ఉండి కూడా, గడువు దాటినందువల్ల ఈ బీమా సొమ్ము పూర్తిగా కట్టవలసి వచ్చింది. "జాబు పంపాము కదా!" అన్నారు కార్యాలయం వారు. పంపిన మాట నిజమే.

తప్పు పిల్లదే అంటాడు మా తమ్ముడు. నేను ఒప్పుకోను. కదలడానికి వీలులేని జాబితాలు పెరిగినకొద్దీ, కదలకూడని జాబితాకు విలువ పోతుంది. (జాబితా అన్న మాట అరబ్బీ నుండి మనకు వచ్చింది. అక్కడ దాని అర్థం నియమం, కట్టుబాటు. ఆ అర్థాన్ని మనం మరచినా విశ్వవిద్యాలయాల వారు మరచినట్లు లేదు.)

నిజానికి ఈ విద్య పుట్టింది విశ్వవిద్యాలయాలలోనే. 1981లో న్యూయార్కు నగర విశ్వవిద్యాలయానికీ యేల్‌కూ నడుమ బిట్‌నెట్ అనే వల ఏర్పడింది. దానిపై నడిచిన తొలి లిస్ట్‌సర్వ్‌లో ఎవరి పేరు చేర్చాలన్నా, తీసివేయాలన్నా ఒక మనిషి కూర్చొని చేయవలసిందే. 1986లో పారిస్‌లో చదువుకొంటున్న ఎరిక్ థామస్ క్రొత్త లిస్ట్‌సర్వ్‌ను వ్రాసి ఆ పనిని యంత్రానికి అప్పగించాడు. యంత్రానికి అంటాము గాని, అప్పగించింది పాఠకునికే. 'సబ్‌స్క్రైబ్' అని, జాబితా పేరూ తన పేరూ వ్రాసి పంపితే చేరినట్లు. 'సైనాఫ్' అని పంపితే వీడినట్లు. ఎవరినీ బతిమాలనక్కరలేదు.

అయితే ఆ మాట ఏ చిరునామాకు పంపాలన్నది తెలియాలి. చిరునామాలు రెండు: ఒకటి సభకు, రెండవది ద్వారపాలకునికి. ఇది తెలియక నేనొకసారి నగుబాటు పాలయ్యాను. పదవీ విరమణ తరువాత, ఒక విదేశీ విశ్వవిద్యాలయం వారు నడిపే వ్యాకరణ చర్చా జాబితాలో చేరాను. కంటి శస్త్రచికిత్స నాడు, "దయచేసి నా పేరు తొలగింప ప్రార్థన" అని సవినయంగా వ్రాసి పంపాను. అది సభకు పోయింది. పాణిని సూత్రంపై వాదించుకొంటున్న పండితుల నడుమ నా ప్రార్థన వచ్చి నిలిచింది. మరి ముగ్గురు "నా పేరు కూడా" అన్నారు, వారూ సభకే! నిర్వాహకుడు నాకు విడిగా జాబు వ్రాసి, వీడనక్కరలేదు, 'నోమెయిల్' అని పంపితే కన్ను కుదుటపడే దాకా జాబులు ఆగుతాయని చెప్పాడు. ఆ మర్యాదకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. ఆ సంగతి చేరిన నాడే తెలిసేటట్లు ఉంటే ఎంత బాగుండేది!

2012 నవంబరులో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఇంతకంటె పెద్ద ముచ్చట జరిగింది. పన్ను కాగితాల గురించి కార్యాలయం పంపిన జాబును ఒక విద్యార్థి తన తల్లికి పంపబోయి అందరికీ పంపాడు. ఆ జాబితాలో దాదాపు 40,000 మంది. ఎవరు పలికినా అందరికీ వినబడుతుందని తెలిసిన పిల్లలు ఊరుకొంటారా? బళ్ళో ఇన్నేళ్ళు గడిపినవాణ్ణి, నాకు ఆశ్చర్యం కలుగలేదు. ప్రకటన జాబితాకు నోరు ఒక్కటే ఉండాలి.

అందరూ ఉండి తీరవలసిన జాబితా ఒకటి ఉంటుందని నేనూ ఒప్పుకొంటాను. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో మొదటి కాల్పులు ఉదయం ఏడుంబావు ప్రాంతంలో జరిగితే, విద్యార్థులకు తొలి హెచ్చరిక జాబు వెళ్ళింది 9 గంటల 26 నిమిషాలకు. అటువంటి జాబు ఆలస్యం కాకూడదు. వచ్చినప్పుడు వ్యాయామశాల వారి రాయితీల క్రింద మరుగుపడనూ కూడదు.

హాజరుపట్టీలో పేరు నేను వ్రాసేవాణ్ణి. నాటకానికి పేరు పిల్లవాడు ఇచ్చేవాడు. రెండు పట్టీలను నేనెన్నడూ కలుపలేదు. పరీక్షలు, రుసుములు, ప్రమాదాలు హాజరుపట్టీలోవి. తక్కినవన్నీ నాటకాలే, అడిగి, జాబుతో నిర్ధారించుకొని, ఆ తరువాతనే చేర్చుకోవాలి. 2024 నుండి వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా జాబులు పంపే వ్యాపారులు, ఒక్క నొక్కుతో వీడే వీలు కల్పించి తీరాలని గూగుల్ నియమం పెట్టింది. విశ్వవిద్యాలయం తానే ఇచ్చిన చిరునామాకు పంపుకొనే జాబులకు అది వర్తించదు. అంగడివానికి ఉన్న కట్టుబాటు ఆచార్యులకు లేకపోయింది!

మొన్న సెలవులలో ఆ పిల్ల నా ఎదుటే కూర్చొని 9 జాబితాలు వీడింది. నాలుగింటికి తలుపే లేదు. మిగిలిన ఒక్కటి, ఆవరణలోని పక్షులను చూసేవారిది, ఉంచుకొన్నది. అందులో వచ్చే బొమ్మలను నాకు పంపుతూ ఉంటుంది.