ఖాళీ సీసాకు ధర కడితేనే

నీలగిరి జిల్లాలో మద్యం సీసా కొనాలంటే 2022 మే నెల నుంచి పది రూపాయలు అదనంగా చెల్లించాలి. ఖాళీ సీసా తెచ్చి ఇస్తే ఆ పది తిరిగి చేతిలో పెడతారు. తమిళనాడు ప్రభుత్వ మద్యం సంస్థ టాస్మాక్ తనంతట తానుగా ఈ పని మొదలుపెట్టలేదు. అడవి అంచుల్లో తాగి పారేసిన సీసాలు పగిలి, ఆ పెంకులు ఏనుగుల పాదాల్లో దిగుతున్నాయన్న సంగతి మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. ఏనుగు పాదం పైకి మోటుగా కనిపించినా అడుగున మెత్తగా ఉంటుంది. గాజు ముక్క గుచ్చుకుంటే పుండవుతుంది, చీము పడుతుంది. అంత బరువు మోసుకు తిరిగే జంతువు మేతకూ నీటికీ నడవలేని స్థితికి వస్తుంది. కోర్టు గట్టిగా నిలదీశాక సంస్థ దారికి వచ్చింది. అమ్మిన సీసాల్లో నూటికి తొంభైకి పైగా వెనక్కి వచ్చాయి. తరువాత పథకం కోయంబత్తూరు, పెరంబలూరు వంటి జిల్లాలకూ పాకింది.

హెచ్చరిక బోర్డులూ స్వచ్ఛత ప్రతిజ్ఞలూ చేయలేని పనిని అక్కడ పది రూపాయలు చేశాయి. డిపాజిట్ పెడితే జనం ఖాళీ సీసాలు ఎక్కువగా తిరిగి ఇస్తారా అన్న అనుమానం ఇంకా ఎవరికైనా ఉంటే, యాభై ఏళ్లకు పైబడిన అనుభవం కళ్లముందే ఉంది. ఇస్తారు. ఎంతమంది ఇస్తారన్నది మాత్రం ఆ డబ్బు ఎంత, ఇచ్చే చోటు ఎంత దూరం అన్నదాన్ని బట్టి ఉంటుంది. చట్టాలు రాసేవాళ్లు తరచూ తప్పటడుగు వేసేది ఇక్కడే.

మూగజీవాల కోసం సీసాల మీద చట్టం రావడం కొత్త కాదు. అమెరికాలోని వెర్మాంట్ పాడి రైతుల రాష్ట్రం. దారిన పోయేవాళ్లు విసిరేసిన బీరు సీసాల ముక్కలు ఎండుగడ్డిలో కలిసి ఆవుల కడుపుల్లోకి పోతున్నాయని రైతులు మొత్తుకుంటే, మళ్లీ నింపడానికి పనికిరాని బీరు సీసాల అమ్మకాన్ని 1953లో అక్కడి శాసనసభ నిషేధించింది. నాలుగేళ్లకు ఆ చట్టం గడువు తీరిపోయింది, దాన్ని పొడిగించలేదు. నిషేధం అలా ముగిసింది. డిపాజిట్ దారి తెరుచుకోవడానికి మరో పద్నాలుగేళ్లు పట్టింది.

ఆ దారి అమెరికాలో మొదట తెరిచింది ఒరెగాన్. సముద్రతీరం పొడవునా పడి ఉన్న సీసాలూ డబ్బాలూ చూసి తట్టుకోలేకపోయిన రిచర్డ్ చాంబర్స్ అనే సేల్స్‌మన్ శాసనసభ్యుల వెంటపడ్డాడు. గవర్నర్ టామ్ మెకాల్ ఆ ఆలోచనను తన భుజాన వేసుకున్నాడు. 1971లో చట్టం వచ్చింది, 1972 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. సీసాకు ఐదు సెంట్లు. చట్టానికి ముందు అక్కడి రోడ్ల పక్క చెత్తలో 40 శాతం దాకా పానీయాల సీసాలూ డబ్బాలే ఉండేవి. 1979 నాటికి అది 6 శాతానికి దిగింది.

కానీ ఐదు సెంట్లు ఐదు సెంట్లుగానే మిగిలిపోయాయి. 1972లో ఆ నాణేనికి ఉన్న విలువ ఇవాళ ఉండాలంటే 35 సెంట్ల పైమాటే కావాలి. రూక విలువ కరిగినకొద్దీ వాపసు కూడా కరిగింది. ఒరెగాన్‌లో అది 64 శాతానికి జారింది. అదృష్టవశాత్తూ అక్కడి శాసనకర్తలు ముందుచూపుతో ఒక నిబంధన పెట్టి ఉంచారు. వరుసగా రెండేళ్లు వాపసు 80 శాతం లోపు ఉంటే డిపాజిట్ రెట్టింపు కావాలి. ఆ ప్రకారం 2017 ఏప్రిల్ నుంచి ఐదు పది అయింది. రెండేళ్లు తిరగకుండానే వాపసు మళ్లీ 80 శాతం దాటింది. అదే జనం, అవే దుకాణాలు. ఐదు సెంట్ల కోసం వంగని నడుము పది సెంట్ల కోసం వంగింది. పక్క దారి పట్టిన మసాచుసెట్స్ సంగతి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 1983 నుంచి అక్కడ ఐదు సెంట్లే. నీళ్ల సీసాలకు డిపాజిట్ లేనే లేదు. వాటినీ చేర్చాలని 2014లో ఓటింగ్ పెడితే, పానీయాల కంపెనీల ప్రచారం హోరులో నూటికి డెబ్బై మందికి పైగా వద్దన్నారు. డిపాజిట్ ఉన్న సీసాలు కూడా అక్కడ ఇటీవల సగం తిరిగి రావడం లేదు.

మొదటి నుంచీ పది సెంట్లు పెట్టిన మిషిగన్‌లో 2019లో 89 శాతం వాపసు నమోదైంది. డెట్రాయిట్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది ఇంట్లో పనే. వారాంతంలో ఖాళీ డబ్బాల సంచి కారులో వేసుకుని కిరాణా దుకాణానికి వెళ్లడం, మిషన్‌లో ఒక్కొక్కటీ వేసి చీటీ తీసుకోవడం, బిల్లులో అంత తగ్గించుకోవడం. కరోనా రోజుల్లో ఆ మిషన్లు ఆపేశారు. అలవాటు తెగింది. తరువాత వాపసు నాలుగింట మూడు వంతుల దగ్గరికి పడిపోయి ఇంకా పూర్తిగా కోలుకోలేదు.

డబ్బు తరువాత తేల్చుకోవలసింది దూరం. కాలిఫోర్నియా ఇందుకు బాధాకరమైన ఉదాహరణ. అక్కడ జనం సీసా కొన్నప్పుడల్లా డిపాజిట్ కడుతూనే ఉంటారు, కానీ తిరిగి ఇచ్చేందుకు ఎక్కువగా ప్రైవేటు సేకరణ కేంద్రాలే ఆధారం. ప్లాస్టిక్, అల్యూమినియం తుక్కు ధరలు పడిపోవడంతో 2019 ఆగస్టులో రీప్లానెట్ అనే సంస్థ ఒక్కసారిగా తన 284 కేంద్రాలు మూసేసింది. డిపాజిట్ కట్టినవాళ్ల డబ్బు అలాగే ఉండిపోయింది, ఇచ్చే చోటు మాయమైంది. ఇలా తిరిగి ఇచ్చే చోటు చూపించకుండా డిపాజిట్ వసూలు చేస్తే అది పేదవాడి మీద మరో పన్నే అవుతుంది.

లిథువేనియా దీనికి భిన్నమైన దారి పట్టింది. 2016 ఫిబ్రవరిలో పది యూరో సెంట్ల డిపాజిట్ మొదలుపెట్టినప్పుడు, అమ్మే దుకాణమే వెనక్కి తీసుకోవాలని గట్టిగా పెట్టింది. అంతకుముందు మూడో వంతు సీసాలు మాత్రమే సేకరణకు చేరేవి. మొదటి సంవత్సరం చివరికి 74 శాతం, రెండో సంవత్సరం చివరికి 92 శాతం. రెండేళ్లలో ఒక దేశం జనం స్వభావం మారిపోదు. మారింది ఏర్పాటు. సీసాను గుర్తుపట్టి తీసుకునే మిషన్లను నార్వేకు చెందిన ప్లాంకే సోదరులు 1972లోనే తయారుచేసి టోమ్రా సంస్థ పెట్టారు. నార్వే కంపెనీల మీద కూడా ఒత్తిడి ఉంచింది. సీసాల మీద పర్యావరణ పన్ను వేసి, వాపసు పెరిగినకొద్దీ దాన్ని తగ్గిస్తూ, 95 శాతం చేరితే పూర్తిగా ఎత్తేస్తుంది. అందువల్ల అక్కడ ఖాళీ సీసా వెనక్కి రావాలని కంపెనీయే కోరుకుంటుంది. యూరోపియన్ యూనియన్ 2029 నాటికి ప్లాస్టిక్ పానీయాల సీసాల్లో 90 శాతం విడిగా సేకరించాలని లక్ష్యం పెట్టాక రొమేనియా, ఐర్లండ్, ఆస్ట్రియా, పోలండ్ ఒకటొకటిగా డిపాజిట్ బాట పట్టాయి.

జర్మనీ దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి. 2003 నుంచి అక్కడ ఒకసారి వాడి పారేసే సీసాలకు 25 సెంట్ల డిపాజిట్ ఉంది, దాదాపు 98 శాతం తిరిగి వస్తాయి. ఇంత గొప్ప అంకె వెనుక ఒక ఓటమి కూడా ఉంది. కడిగి మళ్లీ నింపే సీసాల వాటాను కాపాడాలన్నది ఆ చట్టం అసలు ఉద్దేశం. ఆ వాటా 72 శాతం కంటే తగ్గితే డిపాజిట్ రావాలని 1991 నాటి నిబంధన చెప్పింది. డిపాజిట్ వచ్చాక కూడా ఆ వాటా తగ్గుతూనే పోయి సగం కంటే దిగువకు చేరింది. చవక దుకాణాల గొలుసులు పలచని ప్లాస్టిక్ సీసాలనే అమ్మి, వాటినే వెనక్కి తీసుకుని, నలగ్గొట్టి పంపాయి. సీసా రీసైక్లింగ్‌కు చేరడం మంచిదే. అదే సీసా ఇరవై సార్లు నిండటం అంతకంటే మంచిది. ఈ తేడాను చట్టం రాసేటప్పుడే పట్టుకోవాలి.

మన దగ్గరికి వస్తే, ఈ పద్ధతి తెలుగు ఇళ్లకు పరాయిది కాదు. గోలీసోడా సీసాను బండి దగ్గరే తాగి ఇచ్చేయడం, కూల్‌డ్రింక్ సీసా ఇంటికి తీసుకెళ్లాలంటే కొట్టువాడి దగ్గర డబ్బు కట్టడం, ఖాళీ సీసా తిరిగి ఇస్తేనే కొత్తది తెచ్చుకోవడం మధ్యవయసు వాళ్లందరికీ తెలుసు. కంపెనీలు ప్లాస్టిక్‌కు మళ్లాక ఆ గొలుసు తెగింది. సీసా బాధ్యత కంపెనీ నుంచి జారి మునిసిపాలిటీ మీద, పంచాయతీ మీద, చివరికి చెత్త ఏరుకునే మహిళ మీద పడింది.

అయినా అక్కడక్కడా ఆ గొలుసును మళ్లీ అతుకుతున్నారు. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపేసి గాజు సీసాలు పెట్టారు. సీసా డబ్బు ముందు తీసుకుని, ఖాళీ సీసా ఇస్తే వెనక్కి ఇస్తారు. రోజూ వేలాది మంది కొత్తవాళ్లు వచ్చి పోయే చోట ఈ పని జరుగుతోందంటే, ఊళ్లో జరగదని చెప్పడానికి కారణం కనబడదు. కేదార్‌నాథ్ యాత్రలో 2022లో సీసాల మీద క్యూఆర్ కోడ్ అంటించి పది రూపాయల డిపాజిట్ పెట్టిన ఏర్పాటు వెనుక ఉన్నది హైదరాబాద్ సంస్థ రీసైకల్. గోవా ప్రభుత్వం 2024లో డిపాజిట్ పథకాన్ని నోటిఫై చేసింది. కేరళ 2025 సెప్టెంబరులో తిరువనంతపురం, కణ్ణూరు జిల్లాల్లో మద్యం సీసాకు ఇరవై రూపాయలతో ప్రయోగం మొదలుపెట్టింది. తమిళనాడులో దుకాణాల సిబ్బంది పనిభారం గురించి, సీసాలు పెట్టుకునే చోటు గురించి నిరసన తెలిపారు. ఆ ఫిర్యాదు న్యాయమైనది. సీసాలు తీసుకునేందుకు వేరే మనుషులనూ వేరే గదినీ ఇవ్వకుండా, అమ్మేవాడి నెత్తినే అంతా పెడితే ఏ పథకమైనా వారం రోజుల్లో విసుగు పుట్టిస్తుంది.

తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలున్నాయి. ఆంధ్రప్రదేశ్ 2024లో 3,396 దుకాణాలకు లైసెన్సులిచ్చింది. సరుకంతా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపోల నుంచే పోతుంది. ప్రతి సీసా మూత మీద ఎక్సైజ్ లేబుల్ ఉంటుంది. ఏ సీసా ఏ డిపో నుంచి ఏ దుకాణానికి పోయిందో పసిగట్టే ఏర్పాటు పన్ను కోసం ఇప్పటికే ఉంది. డిపాజిట్ పథకానికి మిగతా ప్రపంచం కోట్లు పోసి కట్టుకునే పునాది ఇక్కడ ముందే పడి ఉంది. బీరు సీసాలను బ్రూవరీలు కడిగి వాడుకుంటాయి గనుక పాత సామాన్లవాళ్లు వాటిని వదలరు. చెరువు గట్ల మీద, పొలం గెట్ల మీద, బడి గోడల వెంట మిగిలేవి క్వార్టర్ సీసాలు. నాట్లకు ఉత్త కాళ్లతో మడిలోకి దిగే కూలీ మహిళకు వాటి పెంకుల గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. ఏనుగు కాలి కోసం ఒక రాష్ట్రం చేసిన పనిని ఆమె కాలి కోసం ఈ రెండు రాష్ట్రాలూ చేయాలి.

ఇక గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని పక్కకు నెట్టకూడదు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు కూడా డిపాజిట్ వస్తే చెత్త ఏరుకునేవాళ్ల బతుకేమవుతుంది? వాళ్లు ఏరే సరుకులో కాస్త ధర పలికేది ఆ సీసాలే. పలచని లీటరు సీసాలు నలభై యాభై పోగేస్తే గానీ కిలో తూగదు. కొన్నవాళ్లే సీసాలు తిరిగి ఇచ్చేస్తే వాళ్ల సంచిలో పడేది తగ్గుతుంది. ఇంకోవైపు, పారేసిన ప్రతి సీసాకూ రెండో మూడో రూపాయలు ఖాయంగా వస్తే కిలో లెక్కన తుక్కు దుకాణం ఇచ్చేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ రెండింటిలో ఏది జరుగుతుందన్నది వాపసు కౌంటర్లు ఎవరి చేతిలో పెడతారన్న దాని మీద ఉంటుంది. పుణేలో చెత్త ఏరుకునేవాళ్లు స్వచ్ఛ్ పేరిట సహకార సంఘంగా ఏర్పడి నగరపాలక సంస్థతో కలిసి ఇంటింటి సేకరణ చేస్తున్నారు. విజయవాడలోనో వరంగల్‌లోనో సీసాల కౌంటర్లను అలాంటి సంఘాలకే ఇచ్చి, తీసుకున్న ప్రతి సీసాకూ కంపెనీల నుంచి నిర్వహణ రుసుము ఇప్పించాలి. మిషన్లు పెద్ద దుకాణాలకు సరిపోతాయి, బస్తీకి మనుషులే కావాలి.

ఎవరూ అడగని డిపాజిట్ డబ్బు మీద కూడా ముందే మాట తేల్చుకోవాలి. మిషిగన్‌లో అందులో మూడు వంతులు కలుషిత స్థలాలను శుభ్రం చేసే నిధికి పోతుంది. జర్మనీలో అది పానీయాలను మార్కెట్లోకి తెచ్చేవాళ్ల దగ్గరే మిగులుతుంది, అందుకే సీసా రాకపోతే వాళ్లకు నష్టమేమీ లేదు. ఇక్కడ ఆ డబ్బు ఖజానాలో కలిసిపోతే సీసాలు రాకపోవడమే ప్రభుత్వానికి ఆదాయమవుతుంది. కాబట్టి ఆ నిధి కౌంటర్లు నడిపేవాళ్ల జీతాలకూ ఆరోగ్య బీమాకూ తప్ప మరో ఖాతాకు మళ్లకుండా ఉండాలి.

మహారాష్ట్ర 2018లో ప్లాస్టిక్ సీసాల మీద, పాల ప్యాకెట్ల మీద తిరిగి కొనే ధర ముద్రించాలని ఆదేశించింది. అంకె ముద్రించడం వరకే జాగ్రత్త పడి, ఎవరు ఎక్కడ తీసుకోవాలో గట్టిగా పట్టించుకోకపోవడంతో అది జనం అలవాటు కాలేదు. తెలుగు రాష్ట్రాలు మద్యం సీసాకు పది రూపాయలతో మొదలుపెట్టవచ్చు, ఒకటి రెండు జిల్లాలతోనే మొదలుపెట్టవచ్చు. అయితే ప్రతి దుకాణం పరిధిలో వాపసు కౌంటర్ ఎక్కడ ఉంటుందో, రెండేళ్లలో 80 శాతం దాటకపోతే పది ఇరవై ఎప్పుడు అవుతుందో మొదటి జీవోలోనే రాసి పెట్టాలి.