తెరపై రూపం చాలదు, ‘వన్స్‌మోర్’ వేదికకు వినబడాలి

పద్యనాటకం చూసే ప్రేక్షకుడికి తెలుగు రంగస్థలం ఒక హక్కునిచ్చింది. పద్యం నచ్చితే ‘వన్స్‌మోర్’ అని కేక వేయవచ్చు. నటుడు కథను అక్కడే నిలిపి, అదే పద్యాన్ని మరొకసారి ఆలపిస్తాడు. మాట ఇంగ్లీషుదే గాని ఆ చనువు మనది. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న కళాకారుణ్ణి నిలువెత్తు రూపంతో మన ఎదుట నిలబెట్టే టెలిప్రెజెన్స్ పరికరాలు ఇప్పుడు ఒక చిన్న వ్యానులో ఇమిడిపోతున్నాయి. వాటి విలువను నిర్ణయించడానికి ఆ కేకను మించిన కొలబద్ద కనిపించదు. ప్రేక్షకుడి కేక అవతలి వేదికకు చేరి, నటుడు ఆగి, మళ్ళీ పాడగలిగితే అది ప్రదర్శన. చేరకపోతే అది మరొక ప్రసారం మాత్రమే.

ఈ ప్రశ్న తెలుగు రాష్ట్రాలకన్న ముందుగా ఎదురయ్యేది రాష్ట్రం వెలుపల స్థిరపడిన తెలుగువారికి. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ అందుకు చక్కని ఉదాహరణ. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, ఆ శతాబ్దం ముగిసే నాటికి ఇక్కడ కూడలి స్టేషన్‌ను నెలకొల్పి, భారీ వర్క్‌షాపుకు పునాది వేసింది. తూర్పు తీరం వెంబడి పరచిన రైలు మార్గం మీదుగా తెలుగు కార్మికులు తరలివచ్చారు. తరువాతి కాలంలో రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి.గిరి, 1920 దశకం చివర బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించింది కూడా ఈ రైలు మార్గం మీదనే. తరాలు గడిచినా రైల్వే కాలనీల్లో తెలుగు వినబడుతూనే ఉంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించేందుకు ఆమోదం తెలిపినప్పుడు, ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక నెరవేరిందని అందరూ భావించారు.

అధికార భాష హోదా భాషకు కాగితం మీద చోటిస్తుంది. చెవిలో చోటివ్వడం మరొకరి పని. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో బెంగాలీ లేదా ఇంగ్లీషుగా పెరిగే పిల్లలకు నిండైన తెలుగు వినిపించేది వేదికే. పద్యం, హరికథ, అవధానం, కూచిపూడి యక్షగానం వంటివి ఇంటి భాషకు అందని శబ్ద సంపదను పరిచయం చేస్తాయి. అయితే విజయవాడ, తెనాలి వంటి చోట్ల నుంచి ఒక నాటక బృందం ఇక్కడికి రావాలంటే వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. నటులు, హార్మోనియం, తబలా, మేకప్, తెరలు కలిసి కదలాలి. ఏడాదికి ఒకటి రెండు పండుగలకు తప్ప అంత ఖర్చును భరించడం ఏ స్థానిక సంఘానికైనా కష్టమే. టెలిప్రెజెన్స్ మీద ఆశ పుట్టేది ఇక్కడే.

పాత కోరిక, కొత్త పరికరం

దూరాన జరిగే ప్రదర్శనను దగ్గరకు తెచ్చుకోవాలనే కోరిక రేడియోకన్న పాతది. 1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ ఆదేర్, ఒపేరా గానాన్ని టెలిఫోను తీగల ద్వారా సందర్శకులకు వినిపించారు. రెండు చెవులకు రెండు వేర్వేరు తీగలు అమర్చడంతో, గాయకుడు ఏ పక్క నిలబడ్డాడో కూడా శ్రోతకు తెలిసేది. వేదిక మీద లేని మనిషిని ఉన్నట్లు చూపే విద్య అంతకన్నా ముందుది. 1862లో లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్ సంస్థలో జాన్ హెన్రీ పెప్పర్ ప్రదర్శించిన గాజు పలక మాయ, ఏటవాలుగా నిలిపిన అద్దం మీద ప్రతిబింబాన్ని పడవేసి దెయ్యాన్ని రంగస్థలం మీదికి రప్పించింది.

నేడు హోలోగ్రామ్ అని ప్రచారమయ్యే ప్రదర్శనల్లో చాలా వాటికి మూలం ఆ పాత మాయే. గాజుకు బదులు పలచని పారదర్శక పొర, దీపానికి బదులు శక్తిమంతమైన ప్రొజెక్టర్ వచ్చాయి. 2012 గుజరాత్ శాసనసభ ఎన్నికల ప్రచారంలో అప్పటి ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ ఒకే సమయంలో అనేక సభల్లో కనిపించింది ఈ తరహా ఏర్పాటుతోనే. 2022 మేలో లండన్‌లో మొదలైన ‘అబ్బా వాయేజ్’ ప్రదర్శనలో స్వీడన్ గాయక బృందం రూపాలు భారీ తెర మీద ఆడిపాడతాయి. అవి ముందుగానే రూపొందించినవి. ఎదుట వాయించే వాద్యబృందం సజీవమైనదే గాని, ప్రేక్షకులు ఎంత అరిచినా తెర మీది గాయకులకు వినబడదు. ఎన్నికల ప్రసంగానికి, ముందుగా కూర్చిన వినోదానికి అది సరిపోవచ్చు. హరికథకుడు సభచేత గోవింద నామం పలికించి, ఆ స్పందనను బట్టి కథను పెంచుతాడు, తగ్గిస్తాడు. ఆయనకు ఎదుటి వారి గొంతు అవసరం.

ఆలస్యమే అసలు సమస్య

ఆ గొంతు ఎంత త్వరగా చేరుతుందన్నదే సాంకేతికంగా కీలకం. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే పది మీటర్ల దూరంలో కూర్చున్న వ్యక్తి చప్పట్లు నటుడికి చేరడానికి సెకనులో 34వ వంతు, దాదాపు 29 మిల్లీసెకన్లు పడుతుంది. కలిసి వాయించే ఇద్దరు కళాకారుల మధ్య ఆలస్యం 25-30 మిల్లీసెకన్లు దాటితే లయ జారడం మొదలవుతుంది. సంభాషణకు అంత కచ్చితత్వం అక్కర్లేదు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మాటామంతీ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రమాణం చెబుతోంది.

తీగలో దూరం పెద్ద అడ్డంకి కాదు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి వెయ్యి కిలోమీటర్లు దాటడానికి పట్టేది ఐదు మిల్లీసెకన్లే. ఆలస్యమంతా రెండు చివరల్లోని యంత్రాల్లో పోగవుతుంది. సెకనుకు 25 చిత్రాలు తీసే కెమెరాలో ఒక్కొక్క చిత్రానికే 40 మిల్లీసెకన్లు పడుతుంది. దాన్ని కుదించి, పంపి, విప్పి, తెర మీద నింపేసరికి మరికొన్ని చిత్రాల కాలం గడిచిపోతుంది. భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహం ద్వారా పంపితే పైకి వెళ్ళి కిందికి రావడానికే పావు సెకను పోతుంది. 2025లో మన దేశంలో లైసెన్సు పొందిన స్టార్‌లింక్ వంటి సంస్థల ఉపగ్రహాలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కనుక, తీగ చేరని చోట్ల ఆ మార్గం మీద ఆసక్తి పెరుగుతోంది.

ఈ లెక్కలు మన కళలకు అన్వయిస్తే ఒక స్పష్టత వస్తుంది. అవధానానికి ఆలస్యం దాదాపు అడ్డు కాదు. పృచ్ఛకుడు ప్రశ్న వేస్తాడు, అవధాని ఆలోచించి పాదం చెబుతాడు; మధ్యలో అర సెకను పోయినా రసభంగం కాదు. కరోనా కాలంలో అంతర్జాలం ద్వారా జరిగిన అవధానాలే అందుకు నిదర్శనం. హరికథలో కథకుడు, మృదంగం, వయొలిన్ ఒకే చోట ఉంటే చాలు. సభ స్పందన కొంచెం ఆలస్యంగా చేరినా నెట్టుకురావచ్చు. బుర్రకథలో కథకుణ్ణి, వంతలను విడదీయకూడదు. వంత పాడేవాడి తాళం ఒక అడుగు వెనుకబడితే కథ నడక కుంటుపడుతుంది. కూచిపూడిలో నటువాంగం, నర్తకి పాదం ఒకే గదిలో ఉండాలి. అంటే బృందాన్ని ముక్కలు చేయకుండా మొత్తంగా ఒక చోట ఉంచి, సభను మాత్రమే దూరంగా ఉంచడం మొదటి సూత్రం.

బృందాన్ని విడదీసి కలపడం అసాధ్యమేమీ కాదు. ఇటలీలోని ట్రియస్తె సంగీత కళాశాల, ఆ దేశ విద్యా పరిశోధన నెట్‌వర్క్ సంస్థ కలిసి రూపొందించిన ‘లోలా’ అనే వ్యవస్థతో 2010లో పారిస్, ట్రియస్తె నగరాల కళాకారులు కలిసి వాయించారు. దానికి సామాన్య ఇంటర్నెట్ చాలదు. విశ్వవిద్యాలయాలను కలిపే వేగవంతమైన ప్రత్యేక మార్గం కావాలి. అటువంటి మార్గం మనకూ ఉంది. 2010లో కేంద్రం ఆమోదించిన జాతీయ విజ్ఞాన నెట్‌వర్క్ ఐ.ఐ.టి.లను కలుపుతోంది. 1951లో దేశంలో తొలి ఐ.ఐ.టి. వెలసింది ఖరగ్‌పూర్‌లోనే. ఆ ఆవరణకు, రైల్వే కాలనీ తెలుగు వేదికకు మధ్య దూరం కొద్దిపాటిదే. ఆ రెండింటినీ కలపడానికి యంత్రాలకన్న ముందు సంకల్పం కావాలి.

పెట్టెలో ఏముండాలి

చోటు మార్చగల పరికరాల పెట్టెలో ఉండవలసినవి అంత ఎక్కువేమీ కావు. కళాకారుల వైపు నల్లని వెనుక తెర, తల నుంచి పాదం వరకు సమానంగా పడే వెలుగు, కంటి ఎత్తున నిలిపిన కెమెరా కావాలి. నాట్యమైతే పాదాలు, నేల తప్పక చట్రంలో ఉండాలి. నేల దగ్గర మరొక మైకు అమర్చాలి. సభ వైపు అర మీటరు వెడల్పు, మీటరు ఎత్తు గల నాలుగు ఎల్.ఇ.డి. పలకలు చేర్చితే నిలువెత్తు మనిషికి సరిపోయే తెర తయారవుతుంది. స్పీకర్లను హాలు గోడల వద్ద పెట్టకుండా ఆ రూపానికి దగ్గరగా ఉంచితే, మాట మనిషి నుంచే వచ్చినట్లు చెవి నమ్ముతుంది. మాటకు పెదవి కదలిక సరిపోయేలా ధ్వనిని చిత్రంతో కలపాలి.

సాధారణంగా పొదుపు చేసేది, చేయకూడనిది తిరుగు మార్గం మీద. ప్రేక్షకుల మధ్య రెండు మైకులు వేలాడదీసి, వారి స్పందనను కళాకారులకు పంపాలి. అయితే అదే ధ్వనిలో కళాకారుడి గొంతు కూడా కలిసి వెనక్కి వెళితే, ఆయన మాట ఆయనకే ఆలస్యంగా వినబడి తడబాటు కలుగుతుంది. అందుకే ఆయన స్వరాన్ని మినహాయించి మిగిలిన ధ్వనిని మాత్రమే తిరిగి పంపాలి. రేడియో స్టూడియోల్లో, బయటి నుంచి మాట్లాడే అతిథి విషయంలో ఏళ్ళుగా పాటిస్తున్న పద్ధతే ఇది. కళాకారుడి కళ్ళ ఎదుట సభను చూపే తెర ఒకటి, కెమెరాకు ఆనుకొని ఉండాలి. అప్పుడే ఆయన చూపు ప్రేక్షకుడి కళ్ళలోకి వస్తుంది. రెండు వేర్వేరు సంస్థల ఇంటర్నెట్ మార్గాలు, విద్యుత్తు పోతే ఆదుకొనే యు.పి.ఎస్., ముందు రోజు పూర్తి రిహార్సల్ తప్పనిసరి. ఒక వైపు చప్పట్లు కొట్టి, రెండో వైపు నుంచి తిరిగి వచ్చే శబ్దానికి పట్టిన సమయం కొలిస్తే, ఆ సాయంత్రానికి ఏ కళ తగినదో తేలిపోతుంది.

ఇటువంటి పెట్టెకు నిజమైన పరీక్ష పట్టణంలోని హాలులో జరగదు. ఖరగ్‌పూర్ శివారులోని సాలువా వంటి చోట జరుగుతుంది. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ ప్రధాన స్థావరమైన సాలువాలో గూర్ఖా కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. ఆరుబయట వేదిక కట్టినప్పుడు పెప్పర్ మాయకు కావలసిన చీకటి దొరకదు, పలచని పొర గాలికి వణుకుతుంది. ఎల్.ఇ.డి. పలకలు నిలుస్తాయి. జనరేటరు మోత మైకులోకి రాకుండా దూరంగా ఉంచాలి. తీగ లేని చోట రెండు మొబైల్ సంస్థల సిగ్నల్‌ను కలిపి వాడుకోవాలి. అక్కడ నిలబడగలిగిన ఏర్పాటు ఎక్కడైనా నిలబడుతుంది. సాలువా మరొక సంగతి కూడా గుర్తు చేస్తుంది. తెలుగువారికి విజయవాడ ఎంత దూరమో, అక్కడి నేపాలీ కుటుంబాలకు డార్జిలింగ్ కొండలూ అలాగే దూరం. ఒకే పెట్టె ఒక వారం హరికథను, మరో వారం నేపాలీ నాటకాన్ని తేగలదు. ఏ ఒక్క సంఘానికీ భారమయ్యే ఖర్చు, పట్టణంలోని అన్ని భాషలవారు పంచుకుంటే తేలికవుతుంది.

ఎవరి చేతిలో ఉండాలి

ఖర్చు విషయంలో ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. గూగుల్ సాంకేతికతతో హెచ్.పి. సంస్థ 2025లో ప్రకటించిన టెలిప్రెజెన్స్ యంత్రం ధర 24,999 డాలర్లు, అంటే 20 లక్షల రూపాయలకు పైమాటే. అది కూర్చుని మాట్లాడే ఇద్దరి కోసం తయారైనది; నాటకానికి పనికిరాదు. విడి భాగాలుగా దొరికే కెమెరా, మిక్సర్, తెరలతో కూర్చుకొనే ఏర్పాటే మన వేదికలకు అనువైనది. పలకలను అద్దెకు తెచ్చుకోవచ్చు. సొంతం చేసుకోవలసినవి మైకులు, వాటిని నడిపే నేర్పు. ఆ నేర్పు స్థానిక యువతకు దక్కాలి. ప్రతిసారీ బయటి నుంచి నిపుణుణ్ణి పిలిపిస్తే, బృందాన్నే పిలిపించడానికి అయ్యే ఖర్చు తిరిగి తలకెత్తుకున్నట్లవుతుంది.

కళాకారుడి హక్కు మరువరానిది. ప్రదర్శనను దూరానికి పంపేటప్పుడే దాన్ని నిల్వ చేయడం కూడా సులభమవుతుంది. మన కాపీరైట్ చట్టం ప్రదర్శకుడికి తన ప్రదర్శన మీద 50 ఏళ్ళ హక్కునిచ్చింది. ఒక సాయంత్రానికి ఇచ్చిన అనుమతి శాశ్వత అనుమతి కాదని ఒప్పందంలోనే రాసుకోవాలి. దూరం నుంచి ఆడినా పారితోషికం తగ్గకూడదు; తగ్గవలసింది ప్రయాణ ఖర్చే.

అన్నిటికన్న పెద్ద ప్రమాదం వేరే ఉంది. విజయవాడ నుంచి పేరున్న బృందం తెర మీదికి వస్తుంటే, స్థానికంగా కష్టపడి నాటకం వేసే రైల్వే ఉద్యోగి ఎవరికి కావాలి? ఈ ప్రశ్నకు జవాబు పరికరంలోనే ఉంది. రాకకు పనికివచ్చే దారి పోకకూ పనికివస్తుంది. బెంగాలీ, హిందీ, ఒడియా వింటూ పెరిగిన ఖరగ్‌పూర్ తెలుగుకు తనదైన పలుకు ఉంది. ఆ పలుకుతో పాడిన పద్యం తెనాలి సభలో ఒక్కసారి వినబడితే, ఇక్కడి పిల్లలకు తమ తెలుగు మీద కలిగే నమ్మకం వేరు. ఏడాదికి నాలుగు ప్రదర్శనలు దిగుమతి చేసుకుంటే, ఒకటైనా ఎగుమతి చేయాలన్న నియమం పెట్టుకోవడం మంచిది.

భాషకు హోదా ఇచ్చిన ప్రభుత్వం, నెట్‌వర్క్ ఉన్న విద్యాసంస్థ, హాళ్ళున్న రైల్వే, అభిమానమున్న సంఘాలు ఒకే పట్టణంలో ఉండటం అరుదైన అవకాశం. తొలి రూపాయి దేనికి ఖర్చు పెట్టాలన్న చర్చ వస్తే, తెర పరిమాణాన్ని పక్కనపెట్టి, సభ మధ్యలో వేలాడే ఆ రెండు మైకులతో మొదలుపెట్టాలి.