ఎరువు తెచ్చిన రథము

ఎరువు సొమ్ము బరువు చేటు అను సామెత సోదరీమణు లందరు నెరిగినదే. పెండ్లికి పొరుగింటి కాసులపేరు ఎరువు తెచ్చుకొన్న యిల్లాలు విస్తరి ముందు కూర్చుండియు మాటిమాటికి మెడ తడుముకొనుచునే యుండును. పోయినచో తానే తీర్చుకొనవలెను. మెరసినచో మెప్పు సొమ్ము గలవారికే చెందును. ఆ ఎరువు సొమ్ము నగ గాక, గంటకు నూరుమైళ్లకు పైగా పరుగెత్తు పందెపుకారే యైనచో నేమగును? ఈ మాసము మేము చెప్పబూనినది అట్టి యొక కారు చరిత్రము. అది యెన్ని చేతులు మారినదో, యెవ్వరికి కీర్తి తెచ్చినదో వినుడు.

ఈ కారు పుట్టినిల్లు ఫ్రాన్సు దేశము. లూయీ దెలాజ్ అను నాతడు 1905లో పారిసు నగరము చెంత మోటారుకార్ల కంపెనీ నొకదానిని స్థాపించెను. ఆ కంపెనీవారు 1923లో, కేవలము వేగముకొరకే ఈ కారును నిర్మించిరి. దీని యింజనునకు సిలిండర్లు పండ్రెండు. పరిమాణము పదిన్నర లీటర్లకు పైబడినది. నేడు మన వీథులలో తిరుగు చిన్నకార్ల యింజను ఒక లీటరునకు అటునిటుగా నుండును. అనగా పదికార్ల గుండెలను ఒక్క దేహమున నిమిడ్చినట్లని తలపవచ్చును.

1924 జూలై 6వ తేదీని, అర్పజోన్ అను నూరి కడ తిన్నని బాటపై రెనే తోమా అను చోదకుడు దీనిని గంటకు 143.31 మైళ్ల వేగమున నడపెను. ఇది మన లెక్కకు సుమారు 230 కిలోమీటర్లు. నేలపై అంతటి వేగము అధికారికముగా నంతకు ముందెవ్వరికిని దక్కలేదు. ఆనాడే ఎల్డ్రిడ్జి యను ఆంగ్లేయుడు ఒక ఫియట్ కారుపై ఇంకను వేగముగా పోయెను గాని, అతని కారునకు వెనుకకు నడుచు గేరు లేదని ఫ్రెంచివారు ఆక్షేపించి కొట్టివేయించిరి. అతడు నిరుత్సాహపడక, ఆ లోపమును సవరించుకొని వారము తిరుగక మునుపే వచ్చి 146 మైళ్లతో నెగ్గెను. దెలాజ్ కారునకు దక్కిన ప్రపంచకీర్తి ఆరు దినముల ముచ్చటయే యయ్యెను.

పిమ్మట ఆ కారు ఇంగ్లండు చేరెను. అక్కడ జాన్ కాబ్ అను తోళ్ల వర్తకుడు దానిని సంపాదించెను. సర్రీ మండలమున వేబ్రిడ్జి చెంత బ్రూక్‌లాండ్స్ అను పందెపుబాట యొకటి 1907లో వెలసెను. కాంక్రీటుతో చుట్టును కట్టిన బాట అది; ఒక చుట్టు రెండుముప్పాతిక మైళ్లకు కొంచెము హెచ్చు. మలుపులకడ బాట ఏటవాలుగా పైకి లేచియుండెడిది. కాంక్రీటు క్రుంగి, పగుళ్లు వారిన తావుల వేగముగా పోవు కారు నేలను విడిచి యెగిరెడిది. 1929లో కాబుగారు ఈ దెలాజ్ కారుపై 132.11 మైళ్ల వేగమున చుట్టివచ్చి, ఆ బాటయొక్క రికార్డును గైకొనిరి. 1933లో వారు తమకొరకు ప్రత్యేకముగా నేపియర్ రెయిల్టన్ అను మరియొక మహాయంత్రమును చేయించుకొనిరి. పాతది ఆలివర్ బెర్ట్రామ్ అను న్యాయవాది చేతికి పోయెను.

ఇంతవరకు పురుషుల కథయే. బ్రూక్‌లాండ్స్‌లో స్త్రీల కథ వేరు. 1908లో వారికొరకు ఒక పందెము పెట్టి, దానికి కంకణపు పందెమని పేరిడిరి. మ్యూరియల్ థాంప్సన్ అను నామె గెలిచెను. ఆ వెనుక చాలకాలము స్త్రీలను పురుషులతోపాటు పందెములలో దిగనీయరైరి. కంకణ మిచ్చుటకు వెనుదీయనివారు బాట నిచ్చుటకు వెనుదీసిరని మేము తలంచుచున్నాము.

1934లో బెర్ట్రామ్‌గారి కడ ఈ కారును ఎరువు పుచ్చుకొన్న స్త్రీ పేరు కే పీటర్. ఆమె 1903లో కెనడాలోని టొరాంటో నగరమున జన్మించెను. ఎత్తు నాలుగడుగుల పది అంగుళములు మాత్రమే. పొడుగువారి కొలతకు కట్టిన వంటగట్టు కడ పీట వేసికొని నిలుచు కోడండ్రను మన మెరుగుదుము గదా. ఈమెకును అట్లే, కాళ్లందుటకై పెడళ్లకు దిమ్మలు బిగింపవలసి వచ్చెను. ఆ యేటి అక్టోబరులో ఆమె 129.58 మైళ్ల వేగమును సాధించి స్త్రీల రికార్డును గైకొనెను.

ఆమెకు సాటి గ్వెండా స్టూవర్ట్ అను నామె. మొదటి ప్రపంచయుద్ధమున సెర్బియా, రష్యా రణరంగములలో క్షతగాత్రులను మోయు బండ్లను నడపిన ధీర. ఈమె కారు డెర్బీ-మిల్లర్. యింజను చాల చిన్నది, వేగము మిక్కుటము. 1935 ఆగస్టులో ఇరువురకును పందెము కుదిరెను. కాని యిద్దరు స్త్రీల నొక్కసారి బాటపై విడుచుట అపాయకరమని తలంచి, నిర్వాహకులు ఒకరి తరువాత నొకరిని గడియారముతో పందెమాడుమనిరి. కే పీటర్ 134.75 మైళ్లు సాధించెను. ఒక చుట్టునకు పట్టినది సుమారు 74 సెకండ్లు. కొలది దినములలోనే గ్వెండా 135.95 మైళ్లతో దానిని దాటెను. ఇరువురకు నడుమ నున్న తేడా చుట్టునకు ఒక సెకండు కంటెను తక్కువ.

ఓడినది గదా, యిక నామె కథ యేల యని యడుగుదురేమో. సోదరీమణులారా, రెండంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. 1929లో ఇదే కారుపై, ఇదే బాటపై, కాబుగారు నెలకొల్పిన రికార్డు 132.11. ఆరేండ్లు పాతబడిన పిమ్మట, ఎరువు తెచ్చుకొని, పెడళ్లకు దిమ్మలు కట్టుకొని యామె సాధించినది 134.75. కారును సొంతము చేసికొన్నవాడు నాడు పొందిన వేగముకంటె, ఎరువు పుచ్చుకొన్న యామె పొందినదే హెచ్చు.

ఆ 1935లోనే కారును కన్న దెలాజ్ కంపెనీ అప్పులపాలై పరులపాలయ్యెను. లూయీ దెలాజ్ 1947లో పేదరికమున కన్నుమూసెను. కే పీటర్‌కును సుఖము చిరకాలము నిలువలేదు. 1937లో బ్రూక్‌లాండ్స్‌లోనే, ఒక పందెమునకు ముందు అభ్యాసము చేయుచుండగా, వెనుకనుండి వేరొక కారు వచ్చి తాకి యామెకు ఘోరమైన దెబ్బలు తగిలెను. పెద్ద పందెముల కది యామెకు ముగింపు. అయినను ఆమె చేతులు ముడుచుకొని కూర్చుండక, పత్రికలకు మోటారుకార్లను గూర్చి వ్రాసెను. తరువాత నొక కార్ల కంపెనీకి రంగుల యెన్నికలో సలహా చెప్పెను. 1994 వరకు జీవించెను. బ్రూక్‌లాండ్స్‌లో పందెములు 1939తో ముగిసెను. ఆ దెలాజ్ కారు మాత్రము నశింపక నేటికిని నిలిచియున్నది.

ఇట్టి కార్ల వంశచరిత్రలను వ్రాయునప్పుడు కొన్నవారి పేర్లను వరుసగా నుదాహరింతురు. ఎరువు పుచ్చుకొన్న కే పీటర్ పేరు ఆ వరుసలో చేరదు. అయినను ఆ వరుసను చదివిన మాత్రమున ఆ కారు చరిత్రము తెలిసినట్లు కాదు. వస్తువును కొనుట యొకటి, దానిలోని సత్తువను వెలికి తీయుట వేరొకటి.

మన యిండ్లలో కుట్టుమిషను ఎవరి పేర కొన్నారో రశీదు చెప్పును. దానిపై నెన్ని రవికలు కుట్టి, యెందరు బిడ్డల బడిజీతములు కట్టిరో రశీదు చెప్పదు. వీణ కొన్నవారి పేరు నిలుచును. తెల్లవారుజామున లేచి దానిని సాధించినవారి పేరు మరుగుపడును. కావున మీ యింటిలోని పాతవస్తువు నొకదానిని నేడు చేతికి తీసికొని, దానిని వాడిన స్త్రీల పేర్లను, వారు దానితో సాధించిన పనిని ఒక కాగితముపై వ్రాసి, ఆ రశీదుతో కలిపి దాచుడు. చెప్పగల పెద్దలు ఇంటనుండగనే ఈ పని చేయుట మేలు.