బండి ఆపుకొనే చోటు

సేత్తూరు మీదుగా తెన్కాశికి పోయే బాట మన కుటుంబాలకు కొత్తది కాదు. రాజపాళయం దాటితే సేత్తూరు, ఆపైన శివగిరి, వాసుదేవనల్లూరు, పుళియంగుడి; పడమట కొండల వరుస విడవకుండా వెంట వస్తూనే వుంటుంది. ఆషాఢంలో కుర్తాళం స్నానాలకు పోయేవారు, కార్తీకం మొదలు మకర సంక్రాంతి దాకా శబరిమల యాత్రికులు, ఏడాది పొడుగునా కేరళకు సరకు మోసే లారీలు, అందరిదీ ఈ బాటే. రాత్రి పదకొండు దాటిందంటే పక్కన కాస్త చదునైన నేల కనబడినచోట ఒక వ్యాను ఆగి వుంటుంది. లోపల పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతూ వుంటారు. పెద్దవాడొకడు మాత్రం మేలుకొని వుంటాడు.

ఆ ఒక్కడు ఎందుకు మేలుకొని వున్నాడన్నదే ఈ నెల మన ముచ్చట.

వెనుకనుంచి లారీ వచ్చి తగులుతుందేమోనని ఒక భయం. దొంగ భయం సరేసరి. "ఇక్కడ ఆపకూడదు, తియ్యి బండి" అని ఎవరైనా వచ్చి గద్దిస్తారేమోనని మూడవ భయం. మొదటి రెండింటికంటె ఈ మూడవదే మనిషిని ఎక్కువ కుంగదీస్తుందని నా అభిప్రాయం.

పూర్వం ఈ దిక్కున సంత జరిగే ఊళ్లలో బండిపేటలు వుండేవి. తమిళులు వండిపేట్టై అంటారు. ఆ పేరు మిగిలిన వీధులు ఇప్పటికీ చాలా ఊళ్లలో వున్నవి. నాలుగు చెట్లు, ఒక బావి, ఎడ్లకు నీళ్ల తొట్టి, గడ్డి అమ్మేవాడు ఒకడు, ఇంతే పేట. ఎడ్లను విప్పి చక్రానికి కట్టి, మూడు రాళ్లు పెట్టి ఇంత కూడు వండుకొని, బండి కిందనే పడుకొనేవారు. పొద్దున్నే మళ్లీ కాడి ఎత్తేవారు. మధురను మనుమడు విజయరంగ చొక్కనాథుని తరఫున 1689 మొదలు 1706 దాకా ఏలిన మన రాణి మంగమ్మ బాటలు వేయించినది, వాటి వెంబడి చెట్లు నాటించినది, సత్రాలు కట్టించినది. మధుర రైలు స్టేషను ఎదుట ఆమె పేరిట సత్రం ఇప్పటికీ నిలిచి వున్నది. అయితే సత్రాలను మరీ నెత్తిన పెట్టుకోనక్కరలేదు. లోపలి పంక్తిలో ఎవరికి చోటు, ఎవరికి లేదు అనే లెక్కలు చాలాచోట్ల వుండేవి. బయట చెట్టుకింద ఆ లెక్కలు కొంత తక్కువ.

యాత్రికుడికి వెనుక ఒక ఇల్లున్నది. నిద్ర చెడితే రెండు రాత్రులే చెడుతుంది. వెనుక ఇల్లు లేక, బండే ఇల్లయినవారి సంగతి ఏమిటి?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మన పిల్లలు కొలువు చేసే దేశానికే పోవలసి వున్నది. కాలిఫోర్నియాలో మౌంటెన్ వ్యూ అని ఒక ఊరు. గూగుల్ కంపెనీ ముఖ్య కార్యాలయం అక్కడే. మనవలను చూడ వెళ్లి వచ్చిన పెద్దలలో కొందరు ఆ ఊరు ఎరుగుదురు. అక్కడ క్రిసాంటో అవెన్యూ అనే వీధిలో వంటపొయ్యి, పడక వున్న మోటారు ఇళ్లు ఏళ్ల తరబడి వరుసగా నిలిచి వుండేవి. వాటిలో వున్నవారు సోమరులనుకొంటే పొరపాటు. చాలామంది ఆ చుట్టుపక్కలనే పనిచేసేవారు. జీతం వస్తుంది, అద్దె మాత్రం అందదు. 2020 నవంబరులో ఊరివారు ఓట్లు వేసి, ఇరుకు వీధులలో పెద్ద బండ్లు నిలపరాదని తీర్మానించుకొన్నారు.

అంత సంపన్న దేశంలో 2024 జనవరిలో ఒక్క రాత్రి లెక్క తీస్తే ఇల్లు లేనివారు 7,71,480 మంది తేలినారు. కార్లలో పడుకొనేవారూ ఆ లెక్కలోనివారే. కారు పోయిందంటే వారికి అన్నీ పోయినట్టే. వీధిలో తప్పుచోట ఆపినారని జరిమానా పడుతుంది. కట్టకపోతే కొక్కెం తగిలించి లాగుకుపోతారు. విడిపించుకోవడానికి లాగిన కూలి, నిలిపిన రోజులకు అద్దె. ఈలోగా పనికి వెళ్లే సాధనం లేదు, పిల్లల బట్టలు, మందులు, కాగితాలు అన్నీ ఆ కారులోనే. ఒక్క చీటీతో సంసారం నేల మీద పడుతుంది.

శాంటా బార్బరా అనే ఊరిలో 2004లో ఒక ధర్మసంస్థ దీనికి ఒక చిన్న ఉపాయం చేసినది. చర్చీలకు, కార్యాలయాలకు పగలు బండ్లు నిలిపే ఆవరణలుంటవి. రాత్రి అవి ఖాళీ. అక్కడ కొద్ది బండ్ల చొప్పున చోటిచ్చినారు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. సాయంత్రం రావాలి, తెల్లవారితే వెళ్లాలి. మరుగుదొడ్డి వుంటుంది. సంస్థ మనుషులు వచ్చి అద్దె ఇల్లు వెతకడానికి సాయం చేస్తారు. తరువాత శాన్ డియాగో, లాస్ ఏంజిలస్ వంటి నగరాలలోనూ ఇటువంటివి వచ్చినవి. ఇది ఇల్లు కాదు. ఇల్లు దొరికేదాకా కంటినిండా నిద్ర, అంతే. అయితే నిద్ర లేనివాడు పనికి ఎట్లా పోతాడు, పిల్ల బడిలో ఏమి చదువుతుంది?

చట్టం సంగతి అటూ ఇటూ. బండిలో కాపురముండరాదని లాస్ ఏంజిలస్‌లో 1983 నుంచి వున్న నిబంధనను 2014లో అక్కడి అప్పీలు కోర్టు కొట్టివేసినది. ఏది తప్పో ఏది కాదో అందులో తెలియకుండా వున్నదన్నది. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు మాత్రం, బహిరంగ స్థలంలో పడుకొన్నవారిని ఊళ్లు శిక్షించవచ్చునని తీర్పు చెప్పినది. కోర్టు సరే, ఇరుగుపొరుగులను ఒప్పించడమే కష్టం. "మా వీధిలో వద్దు" అనేవారు అక్కడా వున్నారు, ఇక్కడా వున్నారు.

మన దేశంలో 2011 జనాభా లెక్కలలో ఇల్లు లేనివారు 17.7 లక్షలు. లక్ష జనాభాకు నూరుమందికి చాలే ఆశ్రయం వుండాలని 2013లో కేంద్రం వారి పథకం చెప్పినది. ఆ లెక్కలలో రాజపాళయం లక్ష దాటిన ఊరే. మన భాష మాట్లాడేవారిలోనే గంగిరెద్దులవారున్నారు. తమిళనాట పెరుమాళ్ మాడు అని ఎద్దును ఆడిస్తారు. ఇంట్లో మాట తెలుగే. పొరంబోకు నేలలో గుడారం వేసుకొనే అలవాటు వారిది. ఆ నేలలకు కంచెలు పడుతూ వస్తే గుడారం ఎక్కడ వెయ్యాలి?

మనకు కల్యాణ మండపాలున్నవి. వాటి ముందు కార్లు నిలపడానికి ఆవరణలున్నవి. ఆషాఢంలోనూ ధనుర్మాసంలోనూ పెళ్లిళ్లు లేవు, గేటుకు తాళం. కుర్తాళం జనం ఆషాఢంలోనే వస్తారు, శబరిమల జనం ధనుర్మాసంలోనే వస్తారు. ఆ రెండు నెలలు యాత్రికులతో మొదలుపెట్టి, ఏ దిక్కూ లేక బండిలోనో గుడారంలోనో వున్న కుటుంబం వస్తే వారికీ చోటివ్వవచ్చును. కావలసినవి ఒక దీపం, ఒక కుళాయి, మరుగుదొడ్డి తాళంచెవి, బండి నంబరు రాసుకొనే నోటుపుస్తకం. కాపలావాడు ఎట్లాగూ వున్నాడు.

"ఒకసారి లోపలికి వచ్చినవాళ్లు పోకపోతే?" అని కమిటీలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. శాంటా బార్బరావారిలాగా వేళ పెట్టుకోవచ్చును. ధనుర్మాసంలో మనకు ఆ శ్రమ కూడా లేదు. తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై మొదలైతే ఆవరణలో ఎవరూ పడుకొని వుండలేరు.

కమిటీవారు ఈసారి కార్తీకంలోనే కూర్చుంటే మంచిది. మరుగుదొడ్ల తాళంచెవులు ఎవరి ఇంట్లో వున్నవో తేలడానికే ఒక నెల పడుతుంది.